ఖరిదా రంగస్థలమున హాస్యనాటిక: ఎవరి పలుకు, ఎవరి నవ్వు?

తెలుగు నాటక సాహిత్యమును గూర్చి వ్రాయువారు హాస్యనాటికకు సాధారణముగా ఒక చిన్న పరిచ్ఛేదమును మాత్రమే కేటాయింతురు. పౌరాణిక పద్యనాటకము, చారిత్రక నాటకము, సాంఘిక నాటకము అనువానిని సవిస్తరముగా చర్చించి, ముప్పావుగంటలో ముగియు ప్రహసనమును వినోదవస్తువుగా పేర్కొని ముందునకు సాగుదురు. ఆంధ్రదేశములోపల ఈ తారతమ్యము కొంతవఱకు న్యాయముగనే తోచవచ్చును. కాని తెలుగువారు అన్యభాషల నడుమ మూడు నాలుగు తరములుగా నివసించుచున్న పట్టణములలో ఈ కొలత చెల్లదు. అచ్చట భాష ఎంతవఱకు నిలిచియున్నదో తెలుపు సాధనములలో హాస్యనాటిక ముఖ్యమైనది. పద్యమును అర్థము కాకున్నను రాగముకొఱకు వినవచ్చును. కరుణరసమును నటుని ముఖమును చూచి గ్రహింపవచ్చును. మాటలోని చమత్కారము మాత్రము మాట తెలిసినవానికే అందును. ప్రేక్షకుడు సమయమునకు నవ్వినచో ఆ భాష వానికి ఇంకను ఇంటిభాషయే అని చెప్పవచ్చును.

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వే పట్టణము, అందును ఖరిదా పేట, ఈ విషయమును పరిశీలించుటకు తగిన స్థలము. అచ్చటి తెలుగువారు తమ సంఘపు వేదికపై ఒక చిన్న హాస్యనాటికను, లేదా వాడుకదారికి భిన్నమైన ప్రయోగనాటికను ప్రదర్శింపదలచినప్పుడు ఏ ప్రశ్నలు ఎదురగునో, వానికి తెలుగు నాటకపరంపరలో ఏ సమాధానములు కలవో వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఈ ప్రశ్నలలో ప్రధానమైనది ఒక్కటి: నాటిక ఎవరి పలుకును చూపి నవ్వించుచున్నది?

పట్టణము, ప్రజలు

బెంగాలు-నాగపూరు రైల్వే సంస్థ 1887లో ఏర్పడెను. 1893-1896 సంవత్సరముల నడుమ బెజవాడ నుండి కటకము వఱకు తూర్పుతీరపు రైలుమార్గము తెఱవబడెను. 1900లో కోలాఘాటు వంతెన పూర్తియగుటతో ఖరగ్‌పూరు హౌరాతో కలిసెను. ఈ మూడు మార్పులచే అంతవఱకు సామాన్య గ్రామప్రదేశముగా ఉండిన ఖరగ్‌పూరు పెద్ద కూడలి అయ్యెను. 20వ శతాబ్దారంభమున అచ్చట వెలసిన రైల్వే కర్మశాలకు వేలకొలది కార్మికులు కావలసివచ్చిరి. బర్మాకు ఓడలెక్కి పోవుటకు అలవాటుపడిన ఉత్తరాంధ్ర ప్రజలకు రైలు మఱియొక దారి చూపినది. నేటి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాల ప్రాంతమునుండి కుటుంబములు తరలివచ్చి కర్మశాలలోను, ఇంజనుషెడ్డులలోను, పట్టాలపనిలోను కుదిరినవి.

వీరు కూలికొఱకు వచ్చి మౌనముగా ఉండినవారు కారు. 1927లో ఖరగ్‌పూరున జరిగిన రైల్వే సమ్మె భారత కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధము. ఆ కార్మికసంఘ నాయకత్వముతో సంబంధముగల వరాహగిరి వేంకటగిరి తరువాత, 1969లో, భారత రాష్ట్రపతి పదవి నలంకరించిరి. 1944లో బెంగాలు-నాగపూరు రైల్వే ప్రభుత్వాధీనమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. 1951లో హిజ్లీయందు భారత సాంకేతిక విద్యాసంస్థ వెలసెను. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా మున్నగు భాషలవారు ఒక్కచోట చేరుటచే ఖరగ్‌పూరునకు చిన్న భారతదేశమను పేరు కలిగినది. 2020 డిసెంబరున పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు రాష్ట్రమున అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు ఆమోదము తెలిపెను. దానికి మూలకారణము ఈ పట్టణమునందలి తెలుగువారి సంఖ్యయే.

నాటకమునకు సంబంధించిన సామాజికవిషయ మొకటి ఇచ్చట గుర్తింపవలసియున్నది. రైల్వే వసతి ఉద్యోగముతో వచ్చును, ఉద్యోగముతో పోవును. రైల్వే ఇన్‌స్టిట్యూటులోని సభాభవనము, పుస్తకములు, ఆటస్థలము ఉద్యోగులకొఱకు ఏర్పడినవి. పదవీవిరమణానంతరము క్వార్టరు విడిచిన కుటుంబము స్వగ్రామమునకు మరలును. లేదా రైల్వే భూమికి వెలుపల, పురపాలకసంఘపు పేటలలో ఇల్లు కట్టుకొనును. అట్టి పేటలలో ఖరిదా ఒకటి. అచ్చటి మూడవతరమువాడు రైల్వే ఉద్యోగి కాకపోవచ్చును. కనుక తాత నటించిన వేదిక వానికి సహజముగా లభింపదు. సంఘపు వేదిక, పండుగపందిరి, పాఠశాలలోని పెద్దగది, ఇవియే వాని రంగస్థలములు. పెద్ద నాటకమునకు ఇవి చాలవు. చిన్న నాటికకు చాలును.

ప్రహసనమున భాషాసంకరము

భరతుడు పేర్కొనిన దశరూపకములలో ప్రహసన మొకటి. శుద్ధము, సంకీర్ణము అని దానికి రెండు భేదములు చెప్పబడినవి. 7వ శతాబ్దమున పల్లవరాజు మహేంద్రవర్మ రచించిన మత్తవిలాస ప్రహసనమున పోయిన కపాలభిక్షాపాత్రకొఱకు ఒక కాపాలికుడు బౌద్ధభిక్షువుతో కలహించును. తుదకు ఆ పాత్రను కుక్క యెత్తుకొనిపోయినట్లు తేలును. కథ ఇంతియే. కాని ఆ చిన్న రూపకమున సంస్కృతము పలుకువారును ప్రాకృతము పలుకువారును ఒకే వీథిలో కలిసి వాదులాడుదురు. పలుభాషల సంగమము ప్రహసనమునకు ఆదినుండియు సహజలక్షణమని దీనివలన తెలియుచున్నది. ఖరగ్‌పూరు వీథిలో వినవచ్చు మిశ్రభాషను రంగస్థలమునకు తగనిదిగా భావించువారు ఈ పూర్వాచారమును స్మరింపవలెను.

ఆధునిక యుగమున బెంగాలీ ప్రహసనము తెలుగుకంటె ముందు పుట్టినది. మైకేల్ మధుసూదన దత్తు రెండు ప్రహసనములు 1860లో వెలువడినవి. తెలుగున కందుకూరి వీరేశలింగముగారి బ్రహ్మవివాహము 1876లో హాస్యసంజీవని పత్రికయందు వెలువడి, పెద్దయ్యగారి పెళ్ళి యను పేర జనులలో వ్యాపించెను. 1880 నాటి వ్యవహార ధర్మబోధిని ప్లీడరు నాటకముగా ప్రసిద్ధి గాంచెను. రెండు భాషలలోను ప్రహసనము సంఘసంస్కారమునకు ఆయుధమయ్యెను. ఇందు భాషావిషయకమైన విశేష మొకటి కలదు. వచనరచనలో గ్రాంథికమును చిరకాలము పాటించిన వీరేశలింగముగారు ప్రహసనములయందు పాత్రోచితమగు వాడుకభాషను స్వేచ్ఛగా ప్రయోగించిరి. వ్యావహారికభాషావాదము ఉద్యమరూపము దాల్చుటకు పూర్వమే ప్రహసనము దానిని ఆచరణలో పెట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు. నవ్వు పుట్టవలెనన్న బ్రతికియున్న మాట కావలెను. శాస్త్రము దానిని ఆపజాలలేదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సంపూర్ణముగా మార్చిన కూర్పుగా వెలువడెను. దాని పొడవువలన దానిని సంక్షిప్తరూపమున ఆడుటయే వాడుక. ఖరగ్‌పూరు తెలుగువారి దృష్టితో చూచినచో ఆ నాటకమునకు మఱియొక విలువ కలదు. అందలి పలుకుబడి వారి పూర్వులు విడిచివచ్చిన ప్రాంతపు పలుకుబడి. గిరీశము తెలుగులో ఇంగ్లీషు కలిపి మాటాడు తీరు, పలుభాషల ఊరిలో పెరిగినవానికి పుస్తకవిషయము కాదు, నిత్యానుభవము.

కురచతనమువలని ప్రయోజనము

నాటిక చిన్నదగుట లోపము కాదని ముందుగా గ్రహింపవలెను. రైల్వే కర్మశాలలో పని షిఫ్టులవారీగా సాగును. రైలుబండ్లపై పనిచేయువారికి పిలుపు ఎప్పుడు వచ్చునో నిశ్చయము లేదు. పదునైదుగురు నటులను నలువది దినములపాటు ఒకే గంటకు రిహార్సలునకు రప్పించుట ఇట్టి ఊరిలో దుస్సాధ్యము. నలుగురైదుగురు పాత్రధారులతో, ఒకే దృశ్యముతో, ముప్పావుగంట మొదలు గంటవఱకు నడచు నాటికయే అలవియగును. అందును ముఖ్యపాత్రలకు ఇరువురేసి నటులు సిద్ధముగా ఉండుట మేలు. ఒకడు డ్యూటీకి పోయినను ప్రదర్శనము ఆగదు. పైగా ఒకే పాత్రను ఇరువురు చేయుటచే ఏ పలుకునకు ఎవరు ఎట్లు నవ్వు రప్పించిరో పోల్చిచూచుకొను అవకాశము కలుగును.

ఆంధ్రదేశమున 1929లో తెనాలియందు ఆంధ్ర నాటక కళాపరిషత్తు స్థాపింపబడిన పిమ్మట పోటీప్రదర్శనములు వ్యాపించి, వానికొఱకే నాటికలు వ్రాయుట వాడుకయయ్యెను. పరిషత్తు నాటికలలో స్త్రీపాత్రలకు వృత్తినటీమణులను రప్పింతురు. దూరదేశపు సంఘము అట్టి వ్యయమును భరింపజాలదు. కనుక ఇరుగుపొరుగు ఇండ్ల స్త్రీలు నటింపదగిన నాటికను ఎన్నుకొనవలసివచ్చును. ఇది నిర్బంధముగా కనబడినను దీనివలన మేలే కలుగును. ఇంటిభాష స్త్రీల నోట ఎక్కువకాలము నిలుచునన్నది ప్రవాసకుటుంబములలో తఱచు కానవచ్చు విషయము. తల్లి, అత్త, నాయనమ్మ పాత్రలను నిజముగా ఆ వరుసలలోనున్నవారే ధరించినచో వారి పలుకులే నాటికకు ఒరవడి యగును.

హాస్యనాటికలో ప్రాంప్టింగు పనికిరాదను విషయమును కూడ ఇచ్చటనే చెప్పవలెను. విషాదఘట్టమున నటుడు ఒక క్షణము తడబడినను దానిని భావగాంభీర్యముగా ప్రేక్షకుడు తలపవచ్చును. హాస్యమున ప్రశ్నకును ప్రత్యుత్తరమునకును నడుమ ఒక్క క్షణము అధికమైనచో నవ్వు చచ్చును. ప్రేక్షకులు నవ్వుచున్నప్పుడు తరువాతి మాట పలికినచో అది వినబడదు. నవ్వు పూర్తిగా అణగినదాక ఆగినచో వేడి చల్లారును. నవ్వు తగ్గుముఖము పట్టినప్పుడే మాట యెత్తవలెను. ఈ లెక్క తెలియవలెనన్న పాఠము కంఠస్థము కావలెను. చిన్న నాటికయే కంఠస్థమగును.

ఎవరి పలుకును చూచి నవ్వుట?

ఇక ప్రధానవిషయము. తెలుగు చలనచిత్రములందును, వాని ననుసరించిన రంగస్థలనాటికలందును ఒక ఆచారము స్థిరపడినది. నాయకుడు, విద్యావంతుడు, అధికారి మధ్యకోస్తా శిష్టభాషను పలుకుదురు. పనివాడు, అమాయకుడు, మోసపోవువాడు ఉత్తరాంధ్ర యాసను గాని తెలంగాణపు యాసను గాని పలుకుదురు. "ఏమిటి" అనుటకు "ఏటి" అన్నంతనే, "త్వరగా" అనుటకు "బేగి" అన్నంతనే, "నేను" అనుటకు "నాను" అన్నంతనే ప్రేక్షకుడు నవ్వవలెనని రచయిత ఆశించును. అందు చమత్కారమేదియు లేదు, ఉచ్చారణమే హాస్యవస్తువు.

అట్టి నాటికను విజయవాడనుండియో హైదరాబాదునుండియో తెచ్చి ఖరిదాలో ఉన్నదున్నట్లుగా ఆడినచో ఏమి జరుగును? వేదికపై విదూషకుడు పలుకు భాషయే క్రింద కూర్చున్న నాయనమ్మ భాష. శిష్టభాష పలుకు నాయకుడు వారికి పరదేశి. ప్రేక్షకులు నవ్వినచో తమ ఇంటి పలుకును తామే పరిహసించుకొన్నవారగుదురు. నవ్వనిచో నాటిక విఫలమగును. ఇందు గట్టి నష్టము పిల్లలకు కలుగును. బయట బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు భాషలకు ఇచ్చు గౌరవమును చూచి, ఇంటి తెలుగు తక్కువదేమో అని శంకించుచున్న బాలునకు, ఆ తెలుగు నిజముగనే నవ్వులపాలు కావలసినదని తెలుగు వేదికయే బోధించినట్లగును. భాషను నిలుపుటకు ఆడిన నాటిక భాషను విడుచుటకు కారణము కారాదు.

ఇందులకు పరిష్కారము ఉత్తరాంధ్ర పలుకును వేదికనుండి తొలగించుట కాదు. అట్లు చేసినచో నాటికకు ప్రాణమే పోవును. ఆ పలుకును ఒక్క పాత్రకు గుర్తుగా గాక, నాటిక అంతటికిని సామాన్యభాషగా నిలుపుటయే తగిన మార్గము. ఇంటియజమాని "ఏటి" అన్నప్పుడు, డాక్టరును "ఏటి" అన్నప్పుడు, ఆ మాట నవ్వులబొమ్మ కాజాలదు. అప్పుడు హాస్యము సన్నివేశమునుండి, స్వభావమునుండి పుట్టవలసివచ్చును. పిసినారితనము, ఆడంబరము, అనవసరపు భయము, ఒకరి మాటను మఱియొకరు అపార్థము చేసికొనుట, ఇవియే నిజమైన హాస్యమూలములు. రాజమహేంద్రవరమున ఉపాధ్యాయుడుగా ఉండిన భమిడిపాటి కామేశ్వరరావుగారు (1897-1958) ఫ్రెంచి రచయిత మోలియరు నాటకములను తెలుగు కుటుంబములకు మలచినప్పుడు చేసినది ఇదియే. పరదేశపు కథ గోదావరీతీరపు నుడికారములో సంపూర్ణముగా కరగినది. పారిస్ నుండి గోదావరికి వచ్చిన కథ గోదావరినుండి ఖరగ్‌పూరునకు రాలేకపోవుటకు కారణము లేదు. రచయిత అనుమతి అవసరమైనచోట అనుమతి పొంది, పలుకుబడిని మాత్రము మార్చుట నాటికకు ద్రోహము కాదు.

ఈ మార్పును చేయునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. యాసను వినోదముకొఱకు అతిశయింపజేయరాదు. ఇంటిలో పెద్దలు నిజముగా ఎట్లు పలుకుదురో అట్లే పలుకవలెను. అందులకు ఉత్తమసాధనము వ్రాతప్రతి కాదు, పెద్దల చెవి. రిహార్సలునకు ఒక వృద్ధురాలిని కూర్చుండబెట్టి, "ఇట్లు మీరు అందురా?" అని అడిగినచో కృత్రిమమైన మాట వెంటనే బయటపడును. భాషాశాస్త్రజ్ఞుడు మాండలికసేకరణకు చేయు పనిని ఇచ్చట నాటకసంఘము తెలియకయే చేయును. ఉత్తరాంధ్ర జానపదకళయగు తూర్పు భాగవతమున సూత్రధారుడు సత్యభామతో నెఱపు చమత్కారసంభాషణము కూడ ఇట్టి ఇంటిపలుకుపైననే నిలిచియున్నది. కనుక ఇది కొత్తగా కల్పించిన పద్ధతి కాదు.

ఇరుగుపొరుగు భాషలు

ఇంటిపలుకు నిలిచిన పిమ్మట పొరుగుభాషలను హాస్యమునకు వాడవచ్చునా అను ప్రశ్న కలుగును. బెంగాలీవానిని వాని ఉచ్చారణచే, ఒడియావానిని వాని వృత్తిచే నవ్వించు పాత్రగా చిత్రించినచో పై దోషమే తిరిగివచ్చును. తనకు జరుగరాదన్న అన్యాయమును పొరుగువానికి చేసినట్లగును. కాని రెండు భాషల ఒరపిడిలో పుట్టు హాస్యము వేఱు. దానిలో ఎవరును తక్కువ కారు. ఇద్దఱును సమానముగా తికమకపడుదురు.

దీనికి కొన్ని ఉదాహరణములు చూపవచ్చును. తెలుగున "గోల" యనగా అల్లరి. బెంగాలీలో గొంతును తెలుపు మాట చెవికి దాదాపు అట్లే వినబడును. "గోల తగ్గలేదు" అను తెలుగుతల్లి మాటను వైద్యుడు గొంతునొప్పిగా గ్రహించుట ఒక దృశ్యమునకు చాలును. తెలుగు "కాలు" శరీరావయవము. బెంగాలీ "కాల్" నిన్నయు రేపును. మఱి రెండు భాషలు అచ్చముగా ఏకీభవించు చోటులును కలవు. సెలవు తీసికొనునప్పుడు తెలుగువాడు "పోతాను" అనుట అశుభమని "వస్తాను" అనును. బెంగాలీయుడును అట్లే "వచ్చుచున్నాను" అను అర్థముగల మాటనే పలికి వెడలును. ఈ ఇరువురిని మూడవభాషవాడు గుమ్మములో నిలిచి చూచినచో, "వచ్చుచున్నాము" అని ఇద్దఱును వెడలిపోవుట వానికి వింతగా తోచును. ఇది రెండు జాతులవారును కలిసి నవ్వదగిన ఘట్టము.

ఇంకను లోతైనది బంధుత్వపదము. "మామ" అను మాట రెండు భాషలలోను మేనమామను తెలుపును. కాని తెలుగువానికి మామకూతురు మరదలు, వరుసైన పిల్ల. బెంగాలీ హిందూకుటుంబమున ఆమె చెల్లెలు. తెలుగింటి పెండ్లిమాటలను పొరుగింటి బెంగాలీ మిత్రుడు విని కలవరపడుట, వానికి వరుసలు బోధింపబోయి తెలుగువారే చిక్కులలో పడుట, ఒక నాటికకు వలసిన వస్తువంతయు ఇందులో కలదు. ద్రావిడ, ఆర్యభాషాకుటుంబముల బంధుత్వవ్యవస్థలలోని భేదమును పండితులు పట్టికలలో చూపుదురు. ఖరిదాలో అది రెండిండ్ల నడుమ గోడకు అటునిటు నివసించుచున్నది.

వ్రాతప్రతిలోని చిక్కు

భాష నోట నిలిచినను లిపి చేతిలో నిలువకపోవచ్చును. బెంగాలీ, హిందీ లేదా ఇంగ్లీషు మాధ్యమమున చదివిన యువకుడు తెలుగు మాటాడగలడు గాని నాటిక ప్రతిని చదువలేకపోవచ్చును. అట్టివాడు తన పాత్రను తనకు వచ్చిన లిపిలో వ్రాసికొనుట సహజము. కాని లిపి మారినప్పుడు ధ్వనియు మారును. తెలుగున ఎ, ఏ అనియు, ఒ, ఓ అనియు హ్రస్వదీర్ఘభేదము కలదు. బెంగాలీ, నాగరి లిపులలో దానికి వాడుకలో వేఱు గుర్తులు లేవు. అందుచే "మెడ", "మేడ" ఒక్కటియగును. మేడపైనుండి దిగవలసిన పాత్ర మెడపైనుండి దిగును. బెంగాలీలో వకార బకారములు ఒక్కటిగా పలుకబడుటచే "వండి" అన్నది "బండి" యగును. రోమకలిపిలోను హ్రస్వదీర్ఘములు చెదరును. ఇట్టి పొరపాటులు ప్రేక్షకులకు నవ్వు పుట్టించును. కాని అది నాటిక కోరిన నవ్వు కాదు; నటుని లజ్జపెట్టు నవ్వు. అట్లు లజ్జపడినవాడు రెండవసారి వేదిక యెక్కడు.

కనుక పాఠమును మొదట చెవిద్వారా నేర్పుట ఉత్తమము. ఒకరు చదువగా నటుడు విని పలుకవలెను. పలుకు స్థిరపడిన పిమ్మటనే వ్రాసికొనవలెను. దీర్ఘములకు ప్రత్యేకమగు గుర్తును పెట్టుకొనవలెను. ఇట్లు నేర్చిన పాత్ర నోటికి వచ్చిన తరువాత, తెలుగులిపిలోని ప్రతిని చేతికిచ్చినచో మఱియొక ఫలము కలుగును. మాట ముందే తెలిసియుండుటచే అక్షరము సులభముగా గుర్తుపట్టబడును. చదివి పలుకుటకు మాఱుగా పలికి చదువుట నేర్చును. ఒక చిన్న నాటికలోని ఇరువది ముప్పది సంభాషణములు ఈ విధముగా లిపిపాఠము కాగలవు.

దారి తప్పిన నాటికలు

చివరకు, వాడుకదారికి భిన్నమైన ప్రయోగనాటికలను గూర్చి. 1950లో పారిస్ నగరమున ప్రదర్శింపబడిన అయొనెస్కో నాటకము "బోడితల గాయని" ఆయన ఇంగ్లీషు నేర్చుకొనుటకు కొనిన వాచకమునుండి పుట్టినది. వాచకములోని నిరర్థకమైన మర్యాదవాక్యములను పాత్రలు గంభీరముగా పలుకుటయే అందలి హాస్యము. 1957 మొదలు పారిస్‌లోని వందలోపు ఆసనములుగల యుషెత్ నాటకశాలలో అది దశాబ్దములతరబడి ఆడబడుచు వచ్చినది. పరభాషను నేర్చువాని తికమకనుండి ఇట్టి నాటకము పుట్టగలదన్న విషయము, ప్రతి బాలుడును నాలుగు భాషలను ఏకకాలమున నేర్చు ఖరగ్‌పూరునకు దగ్గఱగా ఉన్నది.

వంగదేశమున బాదల్ సర్కారు (1925-2011) మొదట హాస్యనాటకములు వ్రాసి, పిదప ఏవం ఇంద్రజిత్ వంటి నూతనరీతి నాటకమును రచించి, 1970వ దశకమున తెర, వేదిక, ఖరీదైన దీపములు లేని మూడవ రంగస్థలమును ప్రతిపాదించిరి. ప్రేక్షకుల నడుమనే, ఒక గదిలో, నటుని దేహమే సాధనముగా ప్రదర్శన సాగును. ధనహీనమైన పేటసంఘమునకు ఈ పద్ధతి అనుకూలము. తెలుగునను ఎన్.ఆర్. నంది "మరో మొహెంజొదారో" నాటకము, గొల్లపూడి మారుతీరావు "కళ్ళు" వంటి రచనలు, తనికెళ్ళ భరణి "గార్దభాండం", "కొక్కొరొకో" నాటికలు ఈ భిన్నమార్గమున నడచినవి. "కళ్ళు"లో గ్రుడ్డి బిచ్చగాండ్రు ఒకనికి చూపు తెప్పించుటకు పాటుపడుదురు. చూపు వచ్చినవాడు వారిని వంచించును. ఇట్టి నాటికలలో పాత్రలకు ఊరును పేరును ప్రధానములు కావు. కనుక శిష్టభాష నాయకునిది, యాస సేవకునిది అను విభాగము అందు సహజముగా లేదు. వానిని ఏ పలుకుబడిలోనికైనను మార్చవచ్చును. పూర్వము చర్చించిన దోషమునుండి తప్పించుకొనుటకు ఇది మఱియొక ద్వారము. అయితే ఒక పరిమితి కలదు. మాట తగ్గి చేష్ట పెరిగిన నాటికను భాష తెలియనివాడును ఆనందించును; కాని భాష తెలిసినవానికి దానివలన భాషాలాభము స్వల్పము. కనుక ఒకే సాయంత్రమున మాట ప్రధానమైన ప్రహసన మొకటి, చేష్ట ప్రధానమైన ప్రయోగనాటిక యొకటి జతపఱచుట యుక్తము. మొదటిది తెలుగుకుటుంబములకు, రెండవది వారి పొరుగువారికిని.

ఉపసంహారము

పైని చెప్పినదానివలన తేలు విషయములు మూడు. ఒకటి: ప్రవాసాంధ్రుల పట్టణమున హాస్యనాటిక యొక్క చిన్నతనము పేదఱికపు గుర్తు కాదు, అచ్చటి కాలమునకు, స్థలమునకు, జనమునకు తగిన రూపము. రెండు: ఆ నాటికకు ప్రాణము ఇంటిపలుకు. ఆ పలుకును విదూషకుని వేషమునుండి విడిపించి సర్వపాత్రలకును ఇచ్చినప్పుడే నాటిక భాషకు సేవ చేయును. మూడు: పొరుగుభాషలతోడి ఒరపిడి ప్రహసనమునకు అనాదిగా ఉన్న సంపద, దానిని పరిహాసముగా గాక పరిచయముగా వాడుకొనవలెను.

అధికారభాషా ప్రతిపత్తివలన దరఖాస్తులు, ప్రకటనలు, పాఠ్యపుస్తకములు తెలుగున వెలువడవచ్చును. అది అవసరమే. కాని ప్రకటనను చదివి ఎవడును నవ్వడు. ఇంటిలో తాత పలుకు మాటకు మనుమడు సమయము తప్పక నవ్వునట్టి స్థితిని ప్రభుత్వపు ఉత్తరువు కల్పింపజాలదు. నలుగురు నటులు, ఒక గది, ముప్పావుగంట కాలము గల హాస్యనాటిక దానిని కొంతవఱకు కల్పింపగలదు. భారతీయభాషల ప్రవాసరూపములను పరిశీలించు పండితులు జనాభాలెక్కలతోపాటు ఇట్టి వేదికల యెదుట కూర్చుండి, ఏ మాటకు ఎవరు నవ్విరో, ఏ మాటకు ఎవరు పక్కవానిని అర్థమడిగిరో గుర్తించినచో, లెక్కలలో కనబడని భాషాస్థితి వారికి స్పష్టముగా కనబడును.